మహాసర్పానికీ ఒక కథ ఉంటుంది

మీకు బాగా నచ్చిన డ్రాగన్ కథ ఏది? బోరబండలోనో, కృష్ణానగర్‌లోనో, ఫిల్మ్‌నగర్‌లోనో ఈ ప్రశ్న వేస్తే జవాబు వయసును బట్టి మారుతుంది. వీడియో క్యాసెట్ల కాలంలో పెరిగినవాళ్లకు డ్రాగన్ అంటే ముందు గుర్తొచ్చేది బ్రూస్‌లీ. 1973 నాటి ‘ఎంటర్ ది డ్రాగన్’లో నిప్పులు కక్కే జంతువు ఒక్కటీ లేదు, అయినా ఆ పేరు గల్లీ గల్లీకీ పాకింది. కాలేజీ పిల్లలు ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ అంటారు. బడిపిల్లలు ‘హౌ టు ట్రెయిన్ యువర్ డ్రాగన్’లోని టూత్‌లెస్ పేరు చెబుతారు. 2025లో ప్రదీప్ రంగనాథన్ తమిళ చిత్రం ‘డ్రాగన్’ మనకు ‘రిటర్న్ ఆఫ్ ది డ్రాగన్’గా వచ్చింది. అందులో డ్రాగన్ అంటే ఒక కుర్రాడికి పడిన పేరు, అంతే.

సినిమా పనివాళ్లు ఇంతమంది కాపురముండే ఈ చుట్టుపక్కల ఆ ప్రశ్న వెంటనే ఇంకో ప్రశ్న పుడుతుంది. మరి మనవాళ్లు అలాంటి కథ ఎందుకు తీయరు? బడ్జెట్ సరిపోదని ఒకరంటారు. గ్రాఫిక్స్ కుదరవని మరొకరంటారు. డ్రాగన్ మనది కాదు, చైనావాళ్లదీ తెల్లవాళ్లదీ అని ఇంకొకరంటారు. ఈ మూడింటిలోనూ ఎంతో కొంత నిజం ఉంది. కానీ మన పుస్తకాలనూ సినిమాలనూ వరసపెట్టి చూసుకుంటే అసలు సంగతి వేరే చోట ఉందనిపిస్తుంది. మృగం ఎంత పెద్దదన్న దానివల్ల, ఎంత మంట కక్కిందన్న దానివల్ల కథ నిలవదు. ఆ మృగానికి ఒక గతం, ఒక బాధ, చెప్పుకోవడానికి ఒక మాట ఉన్నప్పుడు నిలుస్తుంది. ఆ విద్య మన సాహిత్యానికి బాగా తెలుసు. మన సినిమాకు అప్పుడప్పుడే గుర్తొచ్చింది.

లంకెబిందెల మీద కాపలా

ముందుగా డ్రాగన్ మనది కాదన్న మాట చూద్దాం. పాశ్చాత్యుల డ్రాగన్‌కు ఉన్న మొదటి పని నిధికి కాపలా కాయడం. పాత ఇంగ్లిష్ కావ్యం ‘బేవుల్ఫ్’లో ఒక దొంగ నిధిలోంచి పాత్ర ఒకటి ఎత్తుకుపోతాడు. దాంతో నిద్రలేచిన మహాసర్పం ఊళ్లకు ఊళ్లే తగలబెడుతుంది. ఆ కావ్యాన్ని జీవితమంతా చదివి, పాఠం చెప్పిన జె.ఆర్.ఆర్. టోల్కీన్ 1937లో ‘ది హాబిట్’ రాసినప్పుడు అదే ఎత్తుకున్నాడు. బంగారు గుట్ట మీద నిద్రపోయే స్మాగ్, ఒక గిన్నె దొంగిలించే బిల్బో.

ఇది మనకు కొత్త కథా? లంకెబిందెల మీద నాగుపాము కాపలా ఉంటుందని తెలుగు నేలమీద వినని ఊరుండదు. 2011లో తిరువనంతపురం అనంతపద్మనాభస్వామి ఆలయ నేలమాళిగల సంపద బయటపడినప్పుడు, తెరవని గదికి నాగబంధం ఉందన్న మాట తెలుగిళ్లలో ఎన్ని రోజులు నలిగిందో అందరికీ గుర్తే. నిధి, చీకటి గది, కాపలా సర్పం అన్న ఊహ మనకు పరాయిది కాదు.

తేడా ఆ పాముతో మన వ్యవహారంలో ఉంది. పాశ్చాత్య కథల్లో వీరుడు దాన్ని చంపి నిధి తెచ్చుకుంటాడు. చైనాలో డ్రాగన్ వానలకూ నదులకూ అధిపతి, దాన్ని కొలుస్తారు. మనం మాత్రం అదే పాముకు భయపడతాం, నాగులచవితినాడు అదే పుట్టలో పాలు పోస్తాం. చంపితే పగబడుతుందంటాం, కాపాడితే కులదేవతై కాస్తుందంటాం. భయం, భక్తి, అపరాధ భావం మూడూ కలిసిన ఇలాంటి బంధం కథకుడికి దొరికితే అంతకంటే కావలసింది ఏముంది?

వాదించే కొండచిలువ

మహాభారతాన్ని మనం యుద్ధకథగా గుర్తుపెట్టుకుంటాం. కానీ వైశంపాయనుడు జనమేజయుడికి ఆ కథ చెప్పింది సర్పయాగం జరుగుతున్న చోట. తండ్రి పరీక్షిత్తును కాటేసిన తక్షకుడి మీద పగతో జనమేజయుడు నాగజాతినే హోమంలో వేయబోతాడు. అంతకు ముందు ఖాండవ దహనంలో తక్షకుడి ఇల్లు కాలిపోయింది. ఎవరి పగకు ఎవరు మొదలో తేల్చలేని వ్యవహారం. చివరకు యాగాన్ని ఆపించినవాడు ఆస్తీకుడు. నాగకన్య కొడుకు, తండ్రి ముని. రెండు జాతుల రక్తమూ ఉన్నవాడే రెండింటికీ మధ్యవర్తి అయ్యాడు. ఇంత చక్కటి ఏర్పాటు ఈనాటి ఏ కాల్పనిక నవలకైనా గర్వకారణమే.

అరణ్యపర్వంలో ఇంకా ముచ్చటైన ఘట్టం ఉంది. హిమాలయ అడవిలో వేటకు వెళ్లిన భీముణ్ని ఒక కొండచిలువ చుట్టేస్తుంది. అంతటి బలవంతుడు కదలలేకపోతాడు. వెతుక్కుంటూ వచ్చిన ధర్మరాజు కత్తి దూయడు. నువ్వెవరివని అడుగుతాడు. అది నహుషుడు, తమ వంశపు పూర్వీకుడే! ఇంద్రపదవి తలకెక్కి, మహర్షుల చేత పల్లకి మోయించి, అగస్త్యుణ్ని తన్ని, శాపం తగిలి పామైనవాడు. ధర్మం గురించి ప్రశ్నలడుగుతాడు, ధర్మరాజు జవాబులు చెబుతాడు, తమ్ముడూ బతుకుతాడు, పాముకూ విముక్తి దొరుకుతుంది. స్మాగ్‌తో బిల్బో మాటల యుద్ధాన్ని ప్రపంచమంతా మెచ్చుకుంటుంది, మెచ్చదగినదే. కానీ అక్కడ మాటలు ఎత్తుకు పైఎత్తు. ఇక్కడ మాటలే పాము శాపాన్ని విడిపిస్తాయి.

భాగవతం దశమ స్కంధంలో రెండు మహాసర్పాలున్నాయి, ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. అఘాసురుడు కంసుడు పంపిన కొండచిలువ. నేల నుంచి మబ్బులదాకా నోరు తెరుచుకుని పడుకుంటాడు. గోపబాలురు దాన్ని కొండగుహ అనుకుని నవ్వుకుంటూ, చప్పట్లు కొట్టుకుంటూ లేగదూడలతో సహా లోపలికి నడిచిపోతారు. పిల్లలు ఆడుకుంటూ మృత్యువు నోట్లోకి నడిచే ఆ దృశ్యం కంటే ఒళ్లు గగుర్పొడిచే దృశ్యం ఈ కోవ కథల్లో అరుదు. కాళియుడి సంగతి వేరు. గరుత్మంతుడి భయంతో యమునలో తలదాచుకున్నవాడు. సౌభరి శాపం వల్ల గరుడుడు రాలేని మడుగు అదొక్కటే. కృష్ణుడు పడగలు తొక్కుతాడు గాని ప్రాణం తీయడు. కాళియుడి భార్యలు వేడుకుంటారు, కాళియుడు తానూ నోరు విప్పి, విషం తన పుట్టుక గుణమని చెప్పుకుంటాడు. నీ పడగల మీద నా పాదముద్రలున్నాయి, ఇక గరుడుడు నిన్నేమీ చేయడని అభయమిచ్చి, రమణక ద్వీపానికి పంపేస్తాడు కృష్ణుడు. ఆశ్రయం పోయినవాడికి మళ్లీ ఆశ్రయం దొరికే కథ ఇది. మనదేశపు సినిమా దీన్ని తొలినాళ్లలోనే పట్టుకుంది. 1919లో ఫాల్కే ‘కాళియ మర్దన్’ తీసి, తన కూతురు మందాకిని చేతనే కృష్ణుడి వేషం వేయించాడు.

చందమామలో నడిచిన మృగాలు

ఇరవయ్యో శతాబ్దంలో తెలుగు పిల్లలకు ఈ లోకాన్ని నెల నెలా అందించింది ‘చందమామ’. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన ఆ పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం 1954లో ‘తోకచుక్క’ సీరియల్ ఎత్తుకున్నారు. ఆ తర్వాత ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’, ‘యక్షపర్వతం’, ‘మాయాసరోవరం’ అంటూ రెండు దశాబ్దాలకు పైగా తెలుగు పిల్లల్ని అడవులూ లోయలూ తిప్పారు. తెలుగువాడి సాహస కల్పనకు ఇంతకంటే పెద్ద నిధి లేదు.

దాసరి కథల్లో నాయకులు సాధారణంగా ఇద్దరు. ఖడ్గవర్మ, జీవదత్తుడు, శిఖిముఖి, విక్రమకేసరి, జయశీలుడు, సిద్ధసాధకుడు. వింతమృగం ఎదురైతే ఒకడు కత్తి మీద చెయ్యి వేస్తాడు, ఇంకొకడు కాసేపు ఆలోచిస్తాడు. కథ బలమంతా ఆ రెండు స్వభావాల మధ్య ఉంటుంది. వాటికి ‘చిత్ర’గా పేరుపడ్డ టి.వి. రాఘవన్ వేసిన బొమ్మలు సగం ప్రాణం. ఆ మృగాలకు కండ ఉండేది, బరువు ఉండేది. ఏ కాలు నేలమీద ఆనుతోందో, ఏ కాలు లేస్తోందో గీతలోనే తెలిసేది. ఇవాళ గ్రాఫిక్స్ స్టూడియోల్లో కుర్రాళ్లు తంటాలుపడేది సరిగ్గా దీనికోసమే.

వెండితెర మీద

తెలుగు సినిమాలో ఈ కోవకు తొలి పెద్ద గుర్తు 1951 నాటి ‘పాతాళ భైరవి’. మాంత్రికుడి మాట నమ్మి గుహలోకి వెళ్లిన తోటరాముడు బలికి ముందు స్నానానికి కొలనులో దిగితే మొసలి పట్టుకుంటుంది. పోరాడి గెలిస్తే అది శాపం తీరిన దివ్యస్త్రీగా మారి, మాంత్రికుడు బలి ఇవ్వబోయేది నిన్నేనని హెచ్చరిస్తుంది. కె.వి. రెడ్డి కథనంలో ఆ మొసలి కేవలం ఒక ఫైటు కోసం రాలేదు, కథనే మలుపు తిప్పింది. గజేంద్రమోక్షం విన్న జనానికి మొసలి లోపల ఇంకెవరో ఉంటారన్న ఎరుక ముందే ఉంది. ఆ దృశ్యం అంత సులువుగా మనసుకెక్కడానికి అదే కారణం.

విఠలాచార్య దీన్నే జనంలోకి ఇంకా లోతుగా తీసుకెళ్లారు. 1960ల నుంచి 1978 ‘జగన్మోహిని’ దాకా మాంత్రికులు, దెయ్యాలు, జంతువులైపోయే మనుషులు ఆయన తెర నిండా తిరిగారు. తక్కువ డబ్బు, చేతికందిన ట్రిక్కులు, పల్లె ప్రేక్షకుడి నాడి మీద గట్టి పట్టు. ఆ సినిమాలను ఇవాళ చిన్నచూపు చూడటం తప్పు. ఊహకు ఖర్చు అడ్డం కాదని నిరూపించిన మనిషి ఆయన.

ఆ తర్వాత నాగ చిత్రాల వరస. వాటిలో 1980 నాటి ‘పున్నమి నాగు’ను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. చిన్ననాటి నుంచి తండ్రే విషం తినిపించి పెంచిన పాములవాడి పాత్ర చిరంజీవిది. పున్నమి రాత్రుల్లో తనలోని పాము మేలుకుంటుంది. తనేమవుతున్నాడో తెలిసి కుమిలిపోతాడు. క్రూరుడూ అతడే, బాధితుడూ అతడే. మృగానికి గతం ఇచ్చిన సినిమా కాబట్టే చిరంజీవి తొలినాటి నటన గురించి మాట వచ్చినప్పుడల్లా దాని పేరు వస్తుంది.

1994లో సింగీతం శ్రీనివాసరావు ‘భైరవద్వీపం’తో పొట్టి మనుషులనూ ఎగిరే గుర్రాన్నీ, చందమామ లోకాన్నంతా రంగుల్లోకి దించారు. మరుసటి ఏడాది ‘అమ్మోరు’తో కోడి రామకృష్ణ కంప్యూటర్ గ్రాఫిక్స్‌కు దారి తెరిచారు, 1999లో ‘దేవి’ తీశారు. తనకు మేలు చేసిన ఇంటిని కాచే నాగదేవత ఆ కథకు ఆయువుపట్టు, కొత్త గ్రాఫిక్స్ ఆకర్షణ. ఆ విజయాన్ని చూసి వచ్చిన వాటిలో చాలా సినిమాలు గ్రాఫిక్స్ పట్టుకుని కృతజ్ఞతను వదిలేశాయి. పాము రావడం, పడగ విప్పడం, పగ తీర్చుకోవడం తప్ప దానికి మరో పని లేకుండా పోయింది. 2014లో చందు మొండేటి ‘కార్తికేయ’ దారి మార్చి, పాముకాట్ల వెనుక మనిషి కుట్రను వెతికింది. ఆసక్తికరమైన మలుపే. కానీ అక్కడా పాము మనిషి చేతిలో ఆయుధంగానే మిగిలింది.

ప్రపంచం నేర్చుకున్నదేమిటి

ఈ అర్ధశతాబ్దంలో బయటి ప్రపంచపు డ్రాగన్ కథ చాలా దూరం నడిచింది. 1968లో ఇద్దరు రచయిత్రులు దాన్ని మలుపు తిప్పారు. ఉర్సులా లెగ్విన్ ‘ఎర్త్‌సీ’ కథల్లో డ్రాగన్లు లోకం పుట్టినప్పటి భాష మాట్లాడతాయి. ఆన్ మెకాఫ్రీ ‘డ్రాగన్‌ఫ్లైట్’లో గుడ్డు పగిలిన క్షణంలోనే డ్రాగన్‌కూ మనిషికీ మనసులు ముడిపడతాయి. మన పాఠకులకు దగ్గరగా వచ్చినది హ్యారీ పోటర్. తెలుగులోకి వచ్చిన మొదటి భాగంలోనే హాగ్రిడ్ తన చెక్క ఇంట్లో డ్రాగన్ పిల్లను దాచుకుని తల్లిలా సాకుతాడు. అది కరుస్తుంది, ఇల్లు కాలబెట్టబోతుంది, అయినా వదలలేడు.

తెరమీద మూడు ఉదాహరణలు చాలు. మొదటిది పీటర్ జాక్సన్ స్మాగ్. 2012 నాటి మొదటి భాగంలో తళుక్కుమన్నప్పుడు దానికి ముందుకాళ్లు విడిగా ఉన్నాయి. 2013లో రెండో భాగానికి వచ్చేసరికి ఆ కాళ్లను రెక్కల్లో కలిపేశారు. రెక్కల చేతులతో నేలమీద పాకుతూ, మెడ సాచి మాట్లాడుతుంటే నటుడు బెనెడిక్ట్ కంబర్‌బ్యాచ్ హావభావాలు అందులో పలికాయి. మాట్లాడే మృగానికి మాట్లాడటానికి వీలైన ఒళ్లు కావాలని వాళ్లు కనిపెట్టారు.

రెండోది టూత్‌లెస్. క్రెసిడా కవెల్ 2003 పుస్తకంలో అదొక చిన్న అల్లరి డ్రాగన్. 2010 సినిమాలో క్రిస్ శాండర్స్, డీన్ డెబ్లావా దాన్ని నల్లటి మెరుపుగా మార్చి, నడకలో చిరుతనూ చూపుల్లో పెంపుడు పిల్లినీ కుక్కనూ కలిపారు. హికప్ అనే కుర్రాడి దెబ్బకు దాని తోక రెక్క ఒకటి పోతుంది. ఆ కుర్రాడే తోలుతో, ఇనుముతో కొత్త రెక్క కట్టి ఇస్తాడు. ఇద్దరూ కలిస్తే తప్ప ఎగరలేరు. చివర్లో హికప్ కాలు పోతే లెక్క సమానమవుతుంది. ఇందులో ధర్మరాజు దారి కనిపించదా? కత్తి పక్కన పెట్టి ఎదురుగా ఉన్నది ఎవరో తెలుసుకోవడమే కదా!

మూడోది ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’. 2019లో వచ్చిన ఆఖరి సీజన్ మీద అభిమానులు మండిపడ్డారు. కానీ చనిపోయిన రాణి డెనేరిస్‌ను ఆమె డ్రాగన్ డ్రోగన్ ముక్కుతో మెల్లగా తట్టి లేపబోయే క్షణాన్ని మాత్రం తిట్టినవాళ్లు కూడా మర్చిపోలేదు. ఆ తర్వాత అది మనిషిని కాల్చదు, సింహాసనాన్ని కరిగించేస్తుంది.

జపాన్ నుంచి ఇంకొకటి. మియజాకి ‘స్పిరిటెడ్ అవే’లో హకు అనే డ్రాగన్ తన పేరు మరిచిపోయిన నది. ఆ నదిని పూడ్చి అపార్ట్‌మెంట్లు కట్టేశారు. చిన్నప్పుడు అందులో పడి బతికిన పాప పేరు గుర్తుచేస్తే అతడికి విముక్తి. 2001లో వచ్చిన ఆ సినిమా హైదరాబాద్ వాళ్లకు తగిలినంత గట్టిగా ఇంకెవరికి తగలాలి!

చేతిలో విద్య ఉంది

గ్రాఫిక్స్ కుదరవన్న మాటకు కాలం చెల్లింది. 2012 నాటి ‘ఈగ’కు స్పెషల్ ఎఫెక్ట్స్ జాతీయ అవార్డు వచ్చింది. హైదరాబాద్‌లో పుట్టిన మకుట సంస్థ ఆ ఈగను తెరమీద నిలబెట్టింది. దానికి మనిషి ముఖం పెట్టలేదు, మాటలు లేవు. ముందుకాళ్లు రుద్దుకోవడం, తల ఒకవైపు తిప్పడం, చూపుడువేలిలా కాలు ఆడించి బెదిరించడం, అంతే. అందులోనే నాని పాత్ర కోపమూ ప్రేమా కనిపించాయి. ఈగకు మనసు పెట్టగలిగినవాళ్లకు మహాసర్పం కష్టమా?

2022 ‘ఆర్‌ఆర్‌ఆర్’లో భీమ్ పులితో తలపడి దాన్ని మత్తులో పడేశాక ఏం చేస్తాడో గుర్తుచేసుకోండి. చేతులు జోడించి, తన అవసరం కోసం దాన్ని వాడుకుంటున్నందుకు క్షమాపణ అడుగుతాడు. పుట్టలో పాలు పోసే చెయ్యే అది. అరుపుల మధ్య ఆ ఒక్క క్షణం ఆ మృగాన్ని సాటి ప్రాణిని చేసింది. విదేశీ ప్రేక్షకులకు అది వింత. మనకు అది వేటకు వెళ్లే గిరిజనుడి ఆచారం, చెట్టు కొట్టేముందు దండం పెట్టే వడ్రంగి ఆచారం.

కాబట్టి లోటు రాతలో ఉంది. కథాచర్చల్లో మృగం ‘ఇంటర్వెల్ బ్యాంగ్’గానో ‘క్లైమాక్స్ ఎపిసోడ్’గానో వస్తుంది. అదెక్కడ పుట్టింది, ఏం తింటుంది, దేనికి భయపడుతుంది, ఎవర్ని పోగొట్టుకుంది అని అడిగేవారు తక్కువ. హీరో ఎంట్రీకి పెట్టిన ఆలోచనలో పదోవంతు దాని గతం మీద పెడితే చాలు. కృష్ణానగర్ నుంచి బోరబండ దాకా అద్దె గదుల్లో కథలు పట్టుకుని తిరిగే అసిస్టెంట్ డైరెక్టర్లు, స్టోరీబోర్డు గీసేవాళ్లు, త్రీడీ నేర్చుకున్న పిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్ల చేతుల్లో పనితనానికి కొదవ లేదు. వాళ్లకు దాసరి సీరియళ్లూ అరణ్యపర్వమూ దశమ స్కంధమూ మళ్లీ అందాలి.

కథావస్తువు కోసం మంచుకొండలకూ వెళ్లనక్కర్లేదు. బోరబండను ఆనుకుని, మాదాపూర్‌కూ అల్లాపూర్‌కూ మధ్య సున్నం చెరువు ఉంది. ఆక్రమణలతో కుంచించుకుపోయిన ఆ చెరువు దగ్గర 2024లో ప్రభుత్వ సంస్థ హైడ్రా కూల్చివేతలు చేపట్టింది. చెరువు పోతే దానిలోని ప్రాణులు ఎటుపోతాయి? ఇల్లు కూలిన మనిషి ఎటుపోతాడు? అడుగున తరాలుగా కాపలా ఉన్న మహాసర్పం ఒకటి పైకి వస్తే అది ఎవరి మీద పగబట్టాలి, ఎవరిని క్షమించాలి? ఖాండవ దహనమూ కాళియుడి వలసా ఈ ప్రశ్నలోనే ఉన్నాయి. చెరువుదీ న్యాయమే, గుడిసెదీ న్యాయమే. ఆ రెంటికీ మధ్య నిలబడే ఆస్తీకుడి లాంటి ఒక పిల్లవాడో పిల్లో దొరికితే తెలుగువాళ్ల మహాసర్పం కథ సిద్ధమైనట్టే.

ఇంతకీ నాకు నచ్చిన డ్రాగన్ కథ నహుషుడిది. బలంలో భీముణ్ని ఓడించి, మాటలో ధర్మరాజుకు లొంగి, తన తప్పు తానే చెప్పుకున్న కొండచిలువ కథ. దాన్ని ఇంతవరకూ ఏ తెలుగు దర్శకుడూ దాని స్థాయికి తగినట్టు తెరకెక్కించలేదని నా అభిప్రాయం. తీయగల దర్శకులు ఉన్నారు, స్టూడియోలు ఉన్నాయి, చూసే జనం ఉన్నారు. రాయాల్సినవాళ్లు పూనుకోవాలి.